నల్లుల విచారణ

నాటింగ్‌హామ్‌లో మేం ఉన్న ఇంట్లో ఐదుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు దగ్గరున్న అగ్రిమెంటులో మాత్రం ముగ్గురి పేర్లే. ఆ ముగ్గురిలో నేను లేను. మేడమీద నా గదిలోనే ఉండే కరీంనగర్ అమ్మాయి కూడా లేదు. ఏజెంటు ఇల్లు చూడ్డానికి వస్తున్నాడంటే మా మంచాల్లో ఒకదాన్ని గోడకి నిలబెట్టి, దుప్పటి కప్పి, మేమిద్దరం లైబ్రరీకి పోయేవాళ్ళం. ఇంతకీ నేను చదివేది మానవ హక్కుల చట్టం. నవ్వాలనుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోవచ్చు, తర్వాత అంత సందు దొరకదు.

ఇంటి మీద పెత్తనమంతా మేం అక్కా అని పిలిచే ఆమెది. విజయవాడ నుంచి మా అందరికంటే ముందు వచ్చి, మాస్టర్స్ పూర్తి చేసి, ఇక్కడే ఉద్యోగంలో చేరింది. అగ్రిమెంటులో మొదటి పేరు ఆమెది. మిగిలిన రెండు పేర్లూ కింది గదిలో ఉండే కడప పిల్లలవి. వాళ్ళు మాట్లాడితే ఇద్దరూ కలిసే మాట్లాడతారు, ఊరుకుంటే ఇద్దరూ కలిసే ఊరుకుంటారు. ఆ ఇంట్లో చోటు ఇప్పించినందుకు నేను అక్కకి మొదట్లో చాలా కృతజ్ఞతగా ఉండేదాన్ని.

వచ్చిన రోజు నా సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది. అక్క టీ చేతికిచ్చి, "మీరేమిట్లు?" అంది. మా వైపు కులం అడగాలంటే ఇలాగే అడుగుతారు, ఆ మాట నాలుకకి తగలకుండా. "మా అమ్మ టీచరండి," అన్నాను. అక్క నవ్వి, "అది కాదులే," అని ఊరుకుంది. తెలియకుండా ఎక్కడికి పోతుందిలే అన్నట్టు ఊరుకుంది.

తెలిసిపోయింది. మా అమ్మే చెప్పేసింది. ఒక ఆదివారం వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతూ అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే అక్క వచ్చింది. మర్యాద కదా అని ఫోన్ అటు తిప్పాను. అమ్మ మొహం వెలిగిపోయింది. "వందనాలమ్మా! మా పిల్లని కాస్త చూసుకో తల్లీ," అంది. నమస్తే అని ఉంటే ఇంకొన్నాళ్ళు గడిచేది. మా జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఆ ఒక్క పలకరింపు చాలు. మేం వెళ్ళే చర్చి, ఊళ్ళో మా ఇల్లు ఏ చివరన ఉంటుందీ అన్నీ కళ్ళకి కట్టేస్తాయి. "నమస్తే ఆంటీ, మీరేం బెంగపెట్టుకోకండి, మేం లేమూ?" అంది అక్క తియ్యగా. ఆ పూట నా పప్పు ఎవరూ ముట్టుకోలేదు. అక్కకి కడుపులో బాగాలేదట. కడప పిల్లలకీ బాగాలేదట, ఇద్దరికీ కలిసే.

ఆ వారంలోనే, ఎవరెప్పుడు వండాలో రాసుకున్న రోటాలోంచి నా పేరు పోయింది. "నీకు కేర్ హోమ్ షిఫ్టులుంటాయి కదమ్మా, ఎందుకు శ్రమ?" అంది అక్క. గిన్నెలు తోమే వంతు మాత్రం ఉంచారు. అందులో శ్రమ ఉండదు కాబోలు. నేను గొడవ పడలేదు. ఊరి చివర ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పని దొరికింది, ఇంటి ముందు నుంచే అక్కడికి బస్సుంది, రాసుకోవడానికి కిటికీ పక్కన నా జానెడు బల్ల ఉంది. వేసవిలోగా థీసిస్ ఇచ్చేస్తే నా పని అయిపోతుంది. ఆ మంచం పోతే మాత్రం షిఫ్టులు పోతాయి, చదువు సగంలో ఆగిపోతుంది. ఏడాది మధ్యలో, ఇక్కడ పూచీ ఉండే మనిషి లేకుండా, నాలాంటి దానికి గది ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

థీసిస్ సంగతి కూడా చెప్పాలి, దాన్ని నమ్మే నేను దెబ్బతిన్నాను కాబట్టి. యూరప్‌లో మనిషికి హక్కులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే మా కాలేజీలో ఫ్రెంచి విప్లవం అని రాయించి మార్కులు వేసేవాళ్ళు. ఇక్కడి మా ప్రొఫెసరు, స్కాట్లాండ్ ఆవిడ, మొదటి క్లాసులోనే దాన్ని పక్కకి నెట్టేసింది. హక్కుల్ని దయగలవాళ్ళు కనిపెట్టారనుకోవద్దంది. విప్లవానికి కొన్ని వందల ఏళ్ళ ముందు, చర్చి పదవుల కోసం కొట్టుకునేవాళ్ళ తరఫున వాదించిన వకీళ్ళు కనిపెట్టారంది. ఒక బిషప్పు ఒక పూజారిని పిలవకుండా, అడగకుండా పనిలోంచి తీసేశాడు. తీసేయొచ్చా? చట్టం చేసేవాడు రాజే అయితే, పోపే అయితే, ఆ చట్టాన్ని పక్కన పెట్టే అధికారం ఆయనకి లేదా? ఆ వకీళ్ళు తల బద్దలు కొట్టుకుని ఒక జవాబు పట్టారు. కొన్ని సంగతులు రాజు ఇచ్చినవి కావు, కాబట్టి రాజు తీసుకోలేడు. మనిషికి శిక్ష వేసేముందు పిలిచి అడగడం అలాంటిది.

దానికి వాళ్ళు చూపించిన సాక్ష్యం విని నేను క్లాసులో గట్టిగా నవ్వాను, ఎందుకంటే అది నేను సండే స్కూల్లో చాప మీద కూర్చుని విన్న కథ. మొదటి మనిషి తోటలో తినకూడని పండు తిన్నాడు. దేవుడికి అన్నీ తెలుసు. సాక్షులు అక్కర్లేదు. అయినా తిన్నగా గెంటేయలేదు. పేరు పెట్టి పిలిచాడు, ఎక్కడున్నావన్నాడు, ఎందుకు తిన్నావన్నాడు, వాడు చెప్పిన వంకలన్నీ విన్నాడు. దేవుడే పిలిచి అడిగినప్పుడు నువ్వెంత, నీ కిరీటమెంత అన్నారు ఆ వకీళ్ళు. దయ్యం వచ్చి కోర్టులో నిలబడినా దాని మాట వినాల్సిందే అని కూడా రాశారు. మా ఊళ్ళో ఎవరూ పట్టించుకోని చర్చిలో నేర్చుకున్న కథలోంచి ఇంత పెద్ద సంగతి పుట్టిందని నాకు పట్టలేనంత సంబరం వేసింది. థీసిస్ దాని మీదే రాస్తానన్నాను.

ప్రొఫెసరు సంబరపడలేదు. ఏ హక్కు గురించి చదివినా ముందు అది ఎవరికి లేదో వెతకమంది. వెతికాను. స్వతంత్రుడైన మనిషిని చట్టం లేకుండా పట్టుకోకూడదని ఇంగ్లండు రాజు ముద్ర వేసిచ్చిన మాగ్నా కార్టాలో ఉంది. దొర పొలాలకి కట్టుబడి ఉన్న రైతులు స్వతంత్రులు కారు. మతం తప్పారని అనుమానం వచ్చినవాళ్ళని విచారించేవాళ్ళు గాని, వాళ్ళ మీద సాక్ష్యం చెప్పిందెవరో వాళ్ళకి చెప్పేవాళ్ళు కారు. పిలిచి అడగాలని పుస్తకాల్లో రాసుకుంటున్న ఆ శతాబ్దంలోనే ఈ దేశపు రాజు యూదులందరినీ ఒక్క ఉత్తర్వుతో ఓడలెక్కించి పంపేశాడు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. ఇవన్నీ చదివి, నోట్సు రాసుకుని కూడా, ఇదంతా ఎవరికో ఎప్పుడో జరిగిన సంగతనే అనుకున్నాను.

నల్లులు కనిపించింది ఒక పొద్దున. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటే ఒళ్ళంతా దురద. లేచి పరుపు ఎత్తి చూశాను. కుట్టు వెంబడి గోధుమరంగువి, చిన్నవి, ఒకదాని వెనక ఒకటి. ఒకదాన్ని గోటితో నలిపితే రక్తం వచ్చింది, ఎవరిదో ఏమో. కరీంనగర్ అమ్మాయిని లేపి ఆమె మంచం కూడా చూశాం. అక్కడ ఇంకా ఎక్కువ. మరలు బిగించిన చోటల్లా నల్లటి మరకలు, ఏనాటివో. "అయ్యో, గిప్పుడెట్లనే?" అంది ఆమె, నా చెయ్యి పట్టుకుని. ఏముంది, అందరికీ చెప్దాం, ఏజెంటుకి చెప్తే మందు కొట్టిస్తాడు అన్నాను. నా పరుపు ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టి, అందరూ మీ మంచాలు చూసుకోండి అని రాశాను. ఆమె పరుపు ఫోటో తీయలేదు. పాపం నిద్రమొహంతో ఉంది, ఎందుకులే అనుకున్నాను.

గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒక కొత్త సంగతి మొదలైంది. హాల్లో టీవీ చూస్తుంటే నలుగురి ఫోన్లూ ఒకేసారి టింగుమంటాయి, నాది తప్ప. నలుగురూ ఒకేసారి తలలు వంచుతారు, ఒకేసారి ఎత్తుతారు, నా వైపు చూడరు. మన పిల్లలు ఎవరినైనా వదిలించుకోవాలంటే పాత గ్రూపులోంచి తీసేయరు, అది మర్యాద కాదు. ఆ మనిషి లేకుండా కొత్త గ్రూపు పెట్టుకుంటారు. పాతదాంట్లో ఆ మనిషి ఒక్కతే మిగిలిపోతుంది, ఖాళీ ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చున్నట్టు.

మూడోనాడో నాలుగోనాడో అక్క నన్ను వంటింట్లో పట్టుకుంది. చేతులు కట్టుకుని, గోడకి కూడా ఆనకుండా నిలబడింది.

"చూడమ్మా, నువ్వేం ఫీలవ్వకు. ఆ కేర్ హోమ్‌లో ఎవరెవరి ఒళ్ళో కడిగొస్తావు. ఇయ్యి అక్కణ్ణుంచే వచ్చినయ్యని అందరం అనుకుంటున్నాం. ఇంతకుముందు ఈ ఇంట్లో ఇట్టాంటివి ఎరగం. శుభ్రంగా ఉండేవాళ్ళం. శనివారం కల్లా వేరే చోటు చూసుకో."

"అందరం అంటే ఎవరక్కా?"

"అందరం అంటే అందరమే."

"నన్నెవరూ అడగలేదే?"

"అడగడానికేముందే? ఫోటో పెట్టింది నువ్వే కదా."

ఒళ్ళు మండిపోయింది. నల్లుల్ని మొదట చూసినదాన్నే నల్లుల్ని తెచ్చినదాన్నయ్యాను. ఏజెంటుకి చెప్తానన్నాను, ఊరి కౌన్సిల్‌కి వెళ్తానన్నాను. అక్క తొణకలేదు.

"చెప్పుకో. వాళ్ళొచ్చి ఇంట్లో ఎంతమందున్నారని చూస్తే ముందు రోడ్డున పడేది నువ్వూ, నీ పక్క మంచంలో పిల్లా. నువ్వెట్టాగూ పోతున్నావు, ఆ పిల్ల ఉసురెందుకు నీకు?"

యూనివర్సిటీలో విద్యార్థులకి సలహాలిచ్చే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆవిడ చాలా మంచిది. అంతా ఓపికగా విని, అగ్రిమెంటులో నీ పేరు లేదు కాబట్టి పెద్దగా చేయగలిగింది లేదు, కాస్త గడువివ్వమని వాళ్ళని అడగొచ్చు అంది. టిష్యూల డబ్బా నా వైపు జరిపింది. నేను ఏడవడం లేదు, కానీ ఆవిడ మనసు నొప్పించడమెందుకని ఒకటి తీసుకున్నాను.

నాకు మిగిలింది ఆ వకీళ్ళే. అక్క దగ్గరికి వెళ్ళి, పొమ్మంటే పోతాను, కానీ అందరూ కూర్చుని ముందు నా మాట వినాలన్నాను. అక్క మొదట నవ్వింది. ఏమనుకుందో, మర్నాడు ఆమే వచ్చి, "అట్టాగేనమ్మా, కూర్చుందాం. రేపు మమ్మల్ని ఎవరూ ఒక మాట అనకూడదు," అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ మాటలో ఉన్న మెలిక నాకు అప్పుడు కనబడలేదు. వింటే చాలు, విన్నాక ఇక పొమ్మనలేరని నిజంగా నమ్మాను. ఎంతో చదివినవాళ్ళకే ఇలాంటి నమ్మకాలుంటాయి.

ఆ రెండు రోజులూ కోర్టుకి తయారైనట్టే తయారయ్యాను. నల్లులు ఎలా వస్తాయి, ఎన్నాళ్ళలో పెరుగుతాయి, మరకలు పాతబడటానికి ఎంతకాలం పడుతుంది అన్నీ చదివాను. కేర్ హోమ్‌లో నల్లులు లేవని మేనేజరుతో చెప్పించుకున్నాను. మా గదిలోని రెండు మంచాలూ నేను ఇంట్లోకి రాకముందు నుంచీ ఉన్నవేనని ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఏజెంటు తీసిన సామాను ఫోటోల్లోంచి పట్టుకున్నాను.

బుధవారం సాయంత్రం వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నారు. అక్క అందరికీ టీ పెట్టింది, నాకు కూడా, నా కప్పులో. నేను నిలబడే మాట్లాడాను. బాగా మాట్లాడాను. గొంతు వణకలేదు, ఎవరినీ తిట్టలేదు, కులం మాట ఎత్తలేదు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా చెప్పాను. ఫోటోలు చూపించాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. కడప పిల్లలు తలలు కూడా ఊపారు. ఒక్కళ్ళూ ఫోన్ ముట్టుకోలేదు. చివరికి కరీంనగర్ అమ్మాయి వైపు తిరిగి, "నీ మంచంలో కూడా చూశాం కదా, నా మంచం కంటే ఎక్కువున్నాయి కదా, నువ్వు చెప్పు," అన్నాను.

ఆమె కుక్కిన పేనులా కూర్చుంది. అక్క వైపు చూసింది, కప్పులోకి చూసింది.

"నాకేం ఎరుకలేదక్కా. అప్పుడు నేను నిద్రమబ్బుల ఉన్న," అంది.

ఎవరైనా ఏదైనా అడుగుతారని చూశాను. తిడతారని, కాదంటారని, అబద్ధమంటారని ఎదురుచూశాను. అలా అని ఉంటే జవాబు నా దగ్గరుంది. అక్క ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"అయిపోయిందామ్మా? ఇంకేమన్నా చెప్పాలా?"

"లేదక్కా."

"మరి శనివారం ఎన్నింటికి బయల్దేరతావు? కొత్తమ్మాయి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానంది."

కొత్తమ్మాయిని నా మాట వినకముందే కుదుర్చుకున్నారు. ఆ మంచంలోకే, ఆ పరుపు మీదికే. ఆ పిల్లకి నల్లుల సంగతి చెప్పారా అని అడిగాను. "అదంతా నువ్వు పోయాక చూసుకుంటాంలే," అన్నారు కడప పిల్లలు, ఇద్దరూ కలిసే.

మర్నాడు ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళాను. ఏదో సాయం దొరుకుతుందని కాదు, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. అంతా చెప్పి, వాళ్ళు విన్నారండీ, మొత్తం విన్నారు, అయినా పొమ్మన్నారు అన్నాను. ఆవిడ శాండ్‌విచ్ పక్కన పెట్టింది. తోటలో కూడా అంతే కదా, అడిగాడు, విన్నాడు, తర్వాత గెంటేశాడు అంది. పిలవాలని, చెప్పుకోనివ్వాలని వకీళ్ళు రాశారు గాని, విన్నవాడు మనసు మార్చుకోవాలని ఎక్కడా రాయలేదంది. దీని మీద ఒక చాప్టరు రాస్తే చాలా బాగుంటుందంది. తర్వాత ఉండే చోటు దొరికిందా అని కూడా అడిగింది. చూస్తున్నానండీ అంటే, మంచిది అని శాండ్‌విచ్ తీసుకుంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. కానీ ఆ క్షణంలో ఆవిడని చూస్తే అక్క కంటే నయమనిపించలేదు.

శనివారం వాన. అక్క గుమ్మం దాకా వచ్చి, టేకవే డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చింది. నన్ను కౌగిలించుకుంది కూడా, తన కోటు నా కోటుకి తగలకుండా, చేతులు మాత్రమే చాచి. "మనసులో ఏం పెట్టుకోకమ్మా. నీ మాట కూడా విన్నాం కదా," అంది. నిజంగా తేలికపడ్డ మొహంతో అంది. నేను అడగకుండా వెళ్ళిపోయి ఉంటే ఆమెకి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేదేమో, ఎవరైనా అడిగితే తడబడేదేమో. ఆ ముల్లుని నేనే నా చేత్తో పీకి పెట్టాను. ఇప్పుడు ఏ ఉగాది పార్టీలో ఎవరడిగినా చెప్పుకోవచ్చు, ఊరికే పంపలేదండీ, కూర్చోబెట్టి అన్నీ విన్నాం అని. అది అబద్ధం కూడా కాదు. ట్రామ్ స్టాపులో ఆకలేసి ఆ పులిహోర తిన్నాను. చాలా బాగుంది. బాగున్నందుకు ఇంకా ఏడుపొచ్చింది.

కేర్ హోమ్‌లో నాతో పనిచేసే ఘనా దేశపు ఆవిడ తన ఇంట్లో సామాను వేసుకునే బాక్స్ రూమ్ ఇస్తానంది, చదువయ్యేదాకా ఉండమంది. నల్లుల సంగతి ముందే చెప్పేశాను. అదేమంత సిగ్గుపడే విషయం, ఎవరింట్లోనైనా ఉంటాయి అని ఆవిడ నవ్వింది. నా సామాను మొత్తం వాకిట్లోనే నల్ల సంచుల్లో కట్టేశాం. బట్టలన్నీ బాగా వేడి నీళ్ళ మీద మెషీన్లో వేసింది. తలంటి పోసుకున్నాను, ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకున్నాను. ఆవిడ తన నైటీ ఇస్తే తొడుక్కున్నాను. నా ఒంటి మీద నాదంటూ నూలుపోగు కూడా లేదు.

గది చిన్నదే. కొత్త దుప్పటి పరిచిన మంచం, ఒక దీపం, కిటికీ. ఆవిడ టీ తెచ్చి, మంచం మీద ఒక పక్కన కూర్చుని, రెండో పక్కన చేత్తో తట్టి, కూర్చో అంది. నా వల్ల ఆ మంచానికి ఏ ప్రమాదమూ లేదని నాకు తెలుసు. ఎందుకు లేదో సాక్ష్యాలతో సహా చెప్పగలను, బుధవారం చెప్పాను కూడా. కానీ నేను నేల మీద కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండానే, గోడ పక్కగా, కాళ్ళు ముడుచుకుని. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ మంచం తట్టింది.

"పర్లేదండీ, నాకు ఇక్కడ బాగానే ఉంది," అన్నాను.